ఇంటి నుంచి ఎవరూ చదవకుండా చూసుకోవడం ఎలా?

కాలేజీ లైబ్రరీలో కొత్తగా చేరిన మిత్రులకు ముందే ఒక సంగతి చెప్పాలి. ఎలక్ట్రానిక్ జర్నల్స్‌కి డబ్బు కట్టడం తేలిక. వాటిని ఎవరూ ముట్టుకోకుండా కాపాడటమే కష్టం. పుస్తకమైతే బీరువాలో పెట్టి తాళం వేస్తాం. తాళంచెవి అటెండర్ దగ్గర ఉంటుంది, అటెండర్ సెలవులో ఉంటాడు. జర్నల్‌కి ఆ సౌకర్యం లేదు. పిడుగురాళ్లలో సున్నపు బట్టీల వెనక వీధిలో, రాత్రి పది దాటాక, మంచం మీద పడుకుని ఫోన్‌లో తెరిచి చదివేసుకోవచ్చు. ఎవరి సంతకమూ అక్కర్లేదు. ఇలాంటివి జరగనిస్తే మన కుర్చీకి ఏం విలువ?

పెద్ద యూనివర్సిటీల వాళ్లకి ఈ బాధ తక్కువ. అక్కడ పబ్లిషర్ క్యాంపస్ ఐపీ అడ్రస్‌ని చూసే లోపలికి రానిస్తాడు. గేటు దాటి బయటికొస్తే అదే విద్యార్థిని గుర్తుపట్టడు. దాన్ని చెడగొట్టడానికే 1999లో ఈజీప్రాక్సీ అని ఒకటి వచ్చింది. ఇంట్లో కూర్చున్నవాడిని కూడా క్యాంపస్‌లోనే ఉన్నట్టు పబ్లిషర్‌కి చూపిస్తుంది. ఖర్మ. మన డిగ్రీ కాలేజీలకైతే గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ వాళ్లు 2010లో ఎన్-లిస్ట్ తెచ్చిపెట్టారు. ఏడాదికి జీఎస్టీతో కలిపి 5,900 రూపాయలు కడితే వేల జర్నల్స్, లక్షకు పైగా ఈ-బుక్స్. మనిషికో యూజర్ ఐడీ. ఎక్కడున్నావని అది అడగదు. అంటే ఇంటి నుంచి తెరుచుకునేలాగే కట్టారన్నమాట. కాబట్టి తాళం మనమే వేయాలి.

మొదటి తాళం జాబితా. విద్యార్థి పేరూ మెయిల్ ఐడీ లైబ్రేరియనే పోర్టల్‌లో ఎక్కించాలి. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని ఊరికే అనలేదు, ఇక్కడ పూజారి మీరే. జూలై నుంచి "ఆఫీసు నుంచి లిస్టు రాలేదు" అనండి. ఫిబ్రవరిలో ఎక్కించండి, అదీ ఫైనలియర్ వాళ్లవి మాత్రమే. ఏప్రిల్‌కి వాళ్లే వెళ్లిపోతారు.

మెయిల్ ఐడీ విషయంలో ఇంకో సూక్ష్మం ఉంది, చాలామందికి తెలియదు. అడ్మిషన్ ఫారంలో ఉన్నదాన్నే తీసుకోండి. పిల్లలకి ఆ ఐడీ కౌన్సెలింగ్ రోజుల్లో నెట్ సెంటర్ ఆయన తెరిచిపెట్టాడు. దాని పాస్‌వర్డ్ ఆయన నోట్‌బుక్‌లో ఎక్కడో ఉంటుంది, లేదా ఆయనా మర్చిపోయి ఉంటాడు. ఎన్-లిస్ట్ వాళ్లు పంపిన యూజర్ ఐడీ, పాస్‌వర్డ్ నేరుగా ఆ డబ్బాలోకి వెళ్లి పడతాయి. పని నిబంధన ప్రకారం జరిగింది, ఎవరికీ అందలేదు. పిల్లల దగ్గర ఇప్పుడు వాడుతున్న మెయిల్ అడిగి రాసుకునే లైబ్రేరియన్లు కొందరున్నారు. వాళ్ల సావాసం వద్దు.

కాలేజీలకి గ్రేడు ఇచ్చే న్యాక్ వాళ్ల సంగతి వేరు. వాళ్ల ఫారంలో లైబ్రరీ కింద ఈ-జర్నల్స్, ఈ-బుక్స్, డేటాబేస్‌లతో పాటు రిమోట్ యాక్సెస్ ఉందా అనే గడి కూడా ఉంటుంది. ఉంది అని రాయాల్సిందే. కంగారు పడకండి. ఒక శనివారం మధ్యాహ్నం మీ ఐడీతో మీరే లాగిన్ అవ్వండి. తేదీ, టైము కనిపించేలా స్క్రీన్‌షాట్ తీయండి. రంగుల ప్రింటు, ప్లాస్టిక్ కవరు, ఫైలు. డబ్బు కట్టిన రసీదు పైన ఉండాలి, సర్టిఫికెట్ దాని కింద. లాగౌట్ అయిపోండి. చదివిన పేపర్ పేరు ఎవరూ అడగరు.

మరీ గొడవ చేసే లెక్చరర్లు ఉంటే ఒకే ఐడీ అందరికీ ఇచ్చేయండి, వాట్సాప్ గ్రూపులో. ఇది నేను గట్టిగా సిఫార్సు చేసే పద్ధతి. పీహెచ్‌డీ తొందరలో ఉన్నవారెవరో ఒక రాత్రి సాఫ్ట్‌వేర్ పెట్టి పత్రికని సంపుటాల కొద్దీ దింపుకుంటారు. పబ్లిషర్ కంప్యూటర్ పసిగడుతుంది. 2010లో అమెరికాలో ఆరన్ స్వార్ట్జ్ అనే యువకుడు ఎంఐటీ నెట్‌వర్క్ నుంచి జేస్టోర్ అనే జర్నల్స్ భాండాగారంలోని వ్యాసాలు గంపగుత్తగా దింపుకున్నప్పుడు, ఎంఐటీ మొత్తానికీ కొన్ని రోజులు జేస్టోర్ ఆగిపోయింది. ఎంఐటీకే దిక్కులేకపోతే మనమెంత? ఒకరి చేత్తో అందరికీ తలుపు మూయించడం, మన చేతికి మట్టి అంటకపోవడం ఇందులోని లాభం. ఆగిపోయాక వచ్చిన మెయిల్‌కి జవాబివ్వకండి, విడిపించే పని మీద పడుతుంది.

కొందరు నేరుగా కౌంటర్ దగ్గరికే వస్తారు. వాళ్లే ప్రమాదం. జువాలజీ పీజీ అమ్మాయి అనుకుందాం. 2021లో మిర్చిని ముంచిన నల్ల తామర పురుగు మీద ప్రాజెక్టు. పండక్కి ఊరెళ్తోంది, అక్కడ వాళ్ల నాన్న చేలోనే ఆ పురుగు ఉంది. "సార్, ఇంటి దగ్గర నుంచి పేపర్లు చూసుకోవచ్చా?" అంటుంది. "నెట్‌లో అన్నీ ఉంటాయి కదమ్మా" అనండి. ఉంటాయి, అబద్ధం కాదు. నాలుగు లైన్ల సారాంశం కనిపిస్తుంది, దాని కింద ముప్పయ్యో నలభయ్యో డాలర్ల ధర కనిపిస్తుంది. ఐసీఏఆర్ సొంత జర్నల్స్ ఉచితంగా చదువుకోవచ్చనీ, శోధ్‌గంగలో థీసిస్‌లు తెరిచే ఉంటాయనీ పొరపాటున కూడా నోరు జారకండి. ఒకసారి దారి తెలిసిందా, హాస్టల్ అంతా తెలుస్తుంది.

ఈ మధ్య మనకి కలిసొచ్చిన మాట ఇంకొకటి ఉంది. "వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ వచ్చిందిగా!" 2024 నవంబరులో కేబినెట్ ఒప్పుకుంది. మూడేళ్లకి 6,000 కోట్లు, 30 మంది పబ్లిషర్లు, దాదాపు 13,000 జర్నల్స్. 2025 జనవరిలో మొదలైంది. ఇదంతా కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ సంస్థలకి. పల్నాడులో వీధికొకటిగా ఉన్న ప్రైవేటు కాలేజీలు అందులో లేవు. ఆ రెండో ముక్క చెప్పకండి. మొదటిది మాత్రం స్టాఫ్ మీటింగులో గట్టిగా చదవండి, చప్పట్లు పడతాయి.

వాట్సాప్ దాకా పోకుండా మిగిలినవన్నీ పాటిస్తే ఏడాది చివర వాడకం రిపోర్టులో లాగిన్లు మీవి, డౌన్‌లోడ్లు సున్నా. దాన్ని జతచేసి ప్రిన్సిపాల్‌గారికి నోటు పెట్టండి: "విద్యార్థులకు పఠనాసక్తి లేనందున రెన్యువల్ అవసరం కనబడుట లేదు." ఆయన ఆ రోజే సంతకం పెడతారు. మిగిలిన 5,900తో జర్నల్స్ సెక్షన్‌కి మంచి బోర్డు రాయించవచ్చు.