స్నూపీ వాళ్ళ డాడీ

ప్రతి అపార్ట్‌మెంటులోనూ ఒకాయన ఉంటాడు. మెయింటెనెన్స్ రసీదు మీద తప్ప ఆయన అసలు పేరు ఎక్కడా కనబడదు. వాచ్‌మన్ దగ్గర్నుంచి సెక్రటరీ దాకా అందరికీ ఆయన స్నూపీ వాళ్ళ డాడీ. స్నూపీ తెల్ల పొమేరియన్. అది ఒక్కసారి దగ్గిందా, ఆయనలోని ఆచార్యుడు దిగ్గున లేస్తాడు. "రాత్రి పెరుగన్నం పెట్టావు, చలవ చేసింది" అని ఇంటావిడ మీద తీర్పు చెప్పేసి, మిరియాల కషాయానికి నీళ్ళు పడేస్తాడు. ఈలోగా దాని ఛాతీకి విక్స్ రాస్తాడు. అక్కడున్నదంతా బొచ్చే కనుక మందు బొచ్చుకే అంటుతుంది, స్నూపీ దాన్ని శుభ్రంగా నాకేస్తుంది. అందులోని కర్పూరం కుక్కలకు విషమని డబ్బా మీద తెలుగులో రాయలేదు మరి. మర్నాటికీ తగ్గకపోతే "గొంతులో ఎముక ఇరుక్కుంది" అంటాడు. ఉల్లిపాయ కూడా గడప దాటని ఆ ఇంట్లోకి ఎముక ఎలా వచ్చిందని మనం అడగకూడదు.

నా అభియోగం ఆయన ప్రేమ మీద కాదు, చూపు మీద. కుక్క దగ్గులో ఆయనకు తన దగ్గే వినిపిస్తుంది. కుక్క దగ్గడానికి మాత్రం చాలా కారణాలున్నాయి. దాన్ని పెట్ హాస్టల్లో వదిలి తిరుపతి వెళ్ళొచ్చిన కొద్దిరోజులకు బాతు అరిచినట్టు పొడిదగ్గు మొదలై, చివర్లో ఓకరించి కాస్త నురగ కక్కిందంటే ముందుగా అనుమానించాల్సింది కెన్నెల్ కాఫ్‌ని. బోర్డెటెల్లా అనే బాక్టీరియా, పారాఇన్‌ఫ్లుయెంజా లాంటి వైరస్‌లు ఒక కుక్క నుంచి మరో కుక్కకు అంటించే జబ్బు అది. ఆ ఓకరింపే ఆయన కంటికి ఎముకలా కనబడుతుంది. ఇక పొమేరియన్ల లాంటి బుజ్జి జాతుల్లో శ్వాసనాళాన్ని తెరిచి ఉంచే మృదులాస్థి మెత్తబడి, నాళం నొక్కుకుపోతుంటుంది. కాలింగ్ బెల్ మోగి అది ఎగిరినా, మెడపట్టీ బిగిసినా దగ్గే. పొద్దున్నే లిఫ్టు కోసం దాని మెడపట్టీ పట్టి బరబరా లాగేది ఎవరు? ఛాతీకి తొడిగే హార్నెస్ వేసి, బిస్కెట్లు తగ్గించి, అగరొత్తులు, దోమల కాయిల్ పొగకు దూరంగా ఉంచితే సగం ఊరట. ముసలి చిన్నకుక్కల్లో గుండె కవాటం కారడం మరో కారణం. గుండె ఉబ్బినా, ఊపిరితిత్తుల్లో నీరు చేరినా దగ్గు వస్తుంది. దాన్ని ఏ కషాయమూ ఆపలేదు.

"చాలా దగ్గులు వాటంతటవే పోతాయి కదండీ" అంటాడాయన. నిజమే, మామూలు కెన్నెల్ కాఫ్ రెండు మూడు వారాల్లో తగ్గిపోతుంది. కానీ ఆయన ఆగి చూడటం లేదు, మందు పోస్తున్నాడు. షుగర్ ఫ్రీ సిరప్‌లో జైలిటాల్ ఉంటే కుక్కకు రక్తంలో చక్కెర పడిపోతుంది, కాలేయం దెబ్బతింటుంది. ఐబుప్రొఫెన్ కడుపులో పుండ్లు చేసి కిడ్నీల దాకా పోతుంది. పశువుల డాక్టర్లూ మనుషుల మందులే రాస్తారన్నది అబద్ధం కాదు. అయితే ఏ మందో ఎంచి, కుక్కను తూచి రాస్తారు. ఇక ఆఖరి అస్త్రం: "మా తాతగారి కుక్క ఏ డాక్టర్నీ చూడలేదు." తాతగారి కుక్కను గొలుసు కట్టి లిఫ్టులోకి లాగినవాడు లేడు. పైగా దగ్గి దగ్గి పోయిన కుక్కల లెక్క ఏ తాతా రాసిపెట్టలేదు.

విచిత్రమేమిటంటే, ఆయన ఫోన్‌లో స్నూపీ కేక్ కోస్తున్న ఫోటో ఉంటుంది, సంక్రాంతికి పట్టుచొక్కా తొడుక్కున్న ఫోటో ఉంటుంది, దగ్గుతున్న వీడియో ఒక్కటీ ఉండదు. క్లినిక్‌కి వెళ్ళాక కుక్క బుద్ధిగా కూర్చుంటుంది. డాక్టర్ ముందు దగ్గి చూపించేది డాడీయే. అంత నటన అక్కర్లేదు సార్. దగ్గినప్పుడు అర నిమిషం వీడియో తీయండి. అది గాఢంగా నిద్రపోతున్నప్పుడు నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తుందో లెక్కపెట్టండి. తరచూ 30 దాటుతుంటే డాక్టర్‌కి చెప్పండి. టీకాలు తప్పించకండి. నాలుక నీలం తిరిగినా, ఊపిరికి ఎగబోస్తున్నా, కుప్పకూలినా తెల్లారేదాకా ఆగకండి.