గేటు మీది వాంగ్మూలం

కొత్త ఇల్లు కట్టుకున్నవాళ్లు గృహప్రవేశానికి ముందే కొనే సామాన్లలో బూడిద గుమ్మడికాయ, దిష్టిబొమ్మ తర్వాతి స్థానం 'కుక్క ఉన్నది జాగ్రత్త' బోర్డుది. నేమ్‌ప్లేట్లు చేసే ఏ దుకాణానికి వెళ్లినా దానికి ఆర్డరివ్వక్కర్లేదు. 'టు-లెట్', 'గేటు ముందు వాహనములు నిలుపరాదు' పలకల మధ్య తయారుగా వేలాడుతూ ఉంటుంది. ఎర్ర అక్షరాలు, పక్కన నాలుక బయటపెట్టిన జర్మన్ షెపర్డ్ బొమ్మ. లోపల ఉన్నది చేతిసంచిలో పట్టే పొమెరేనియన్ అయినా సరే, గేటు మీద మాత్రం జర్మన్ షెపర్డే. కొన్ని ఇళ్లలో కుక్క పోయి, పిల్లలు అమెరికా పోయి, ఇల్లు అద్దెకు పోయినా బోర్డు మాత్రం పోదు.

ఈ పలక కొన్న పెద్దమనిషి మనసులో లెక్క చాలా సులువు. మనం చెప్పాం, ఆపైన వచ్చినవాడి ఖర్మ. గేటుకు రెండు మేకులు కొట్టి ముందస్తు బెయిలు తగిలించుకున్నంత ధీమా. మా కాలనీలో ఒక రిటైర్డ్ ఇంజనీరు గారున్నారు. వారి లాబ్రడార్ పేపరబ్బాయి పిక్క పట్టుకున్న రోజున అబ్బాయి తండ్రి వచ్చి నిలదీస్తే, ఆయన కళ్లజోడు సవరించుకుని గేటు వైపు వేలు చూపించారు. "రాసి పెట్టాం కదయ్యా. చూసుకోకుండా వస్తే మేమేం చేస్తాం?" అన్నారు. పేపరు వేసేది తెల్లవారుజామున, వీధి దీపం కూడా లేని చీకట్లో. ఆ సంగతి బోర్డుకు తెలియదు పాపం.

ఈ లెక్క చట్టం దగ్గరికి వెళ్లేసరికి తిరగబడుతుంది. పాత ఐపీసీలో 289వ సెక్షన్ అనేవారు. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో అది 291 అయింది. తన దగ్గరున్న జంతువు వల్ల మనుషుల ప్రాణానికి ప్రమాదం గానీ, తీవ్రమైన గాయం గానీ జరిగే వీలున్నప్పుడు దాన్ని ఆపేందుకు సరిపడా చర్యలు తీసుకోవాలి. తెలిసీ తీసుకోకపోయినా నేరమే, నిర్లక్ష్యంతో తీసుకోకపోయినా నేరమే. ఆరు నెలల దాకా జైలు, లేదా ఐదు వేల దాకా జరిమానా, లేదా రెండూ. పాత చట్టంలో జరిమానా వెయ్యి దాటేది కాదు. 1860లో మెకాలే మార్కు చట్టం రాసినప్పుడు వెయ్యి రూపాయలంటే ఒక కుటుంబం కూలిపోయే మొత్తం. నూట అరవై ఏళ్లు అదే వెయ్యి కదలకుండా కూర్చుంటే, కుక్కపిల్లల ధరలు మాత్రం వేలు దాటి ఎటో వెళ్లిపోయాయి. రెంటచింతల ఎండలో పెంచడానికి సైబీరియా నుంచి వచ్చిన జాతిని కొనే మనిషికి వెయ్యయితేనేం, ఐదు వేలయితేనేం, ఏసీ కరెంటు బిల్లులో కలిసిపోతుంది.

సెక్షన్‌లో ఎక్కడ వెతికినా పలక, మేకులు, ఎర్ర రంగు కనిపించవు. ఉన్నదల్లా సరిపడా చర్యలు. గొలుసు, మూతికి బుట్ట, గడియ పడే గేటు, వీటిలో ఏదైనా చర్యే అవుతుంది. మనవాళ్లు వీటన్నిటికీ బదులు సాహిత్యాన్ని ఎంచుకున్నారు.

నష్టపరిహారం దావాకు వెళ్తే సంగతి ఇంకా బాగుంటుంది. ఈ విషయంలో మన సివిల్ కోర్టులు ఇంగ్లిష్ న్యాయసూత్రాల బాటలోనే పెరిగాయి. వాటి ప్రకారం పులినో ఎలుగుబంటినో పెంచితే అడగడానికేమీ లేదు, అది ఏం చేసినా పెంచినవాడిదే బాధ్యత. కుక్క సాధుజంతువు గనుక, దానికి కరిచే గుణం ఉందని యజమానికి ముందే తెలుసని బాధితుడు చూపించాలి. అందుకే పాతకాలపు లాయర్లు కుక్కకు మొదటి కాటు ఉచితం అని హాస్యమాడేవారు. ఎదుటి మనిషి బుర్రలో ఏముందో కోర్టులో నిరూపించడం ఎంత కష్టమో కేసులు నడిపినవాళ్లకు తెలుసు. అలాంటి కష్టాన్ని ఇంజనీరు గారు ఉచితంగా తీర్చేశారు. తమ కుక్క ప్రమాదకరమని తెలుసునని ఎర్రటి అక్షరాల్లో రాయించి, రోడ్డున పోయే ప్రతివాడికీ చూపించి, కింద తమ ఇంటి నంబరు కూడా వేయించారు. గుమ్మడికాయల దొంగ ఎవరని అడక్కముందే భుజాలు తడుముకోవడం అంటే ఇదే. అవతలి లాయరు చేయాల్సింది గేటును ఫోన్లో ఒక ఫొటో తీసుకోవడమే. ఆ ఫొటో ఒక్కటే కేసు గెలిపిస్తుందని కాదు, కానీ "మాకేం తెలుసండీ, ఇంతకుముందు ఈగను కూడా ముట్టుకోలేదు" అనే పాట ఆ తర్వాత రక్తి కట్టదు.

ఆ పాట మాత్రం ప్రతి ఇంట్లోనూ ఉంది. బోర్డేమో కరుస్తుందంటుంది, యజమానేమో కరవడంటాడు. పార్సిలు పట్టుకుని కుర్రాడు గేటు దగ్గర నిలబడితే లోపలి నుంచి ఆంటీగారి గొంతు: "రా బాబూ రా, ఏం చేయడు! వాడు ఆడుకుంటాడంతే. నువ్వు భయపడ్డావనుకో, వాడికి తెలిసిపోతుంది." ఇందులో తప్పెవరిదో గమనించండి. కుక్క ఆడుకుంటోంది, కుర్రాడు భయపడుతున్నాడు, భయపడ్డం నేరం. అరగంట క్రితమే అదే ఆంటీగారు ఫోన్లో చెల్లెలితో "మావాడుండగా ఈ వీధిలో దొంగ అడుగు పెట్టలేడే" అని చెప్పి ఉంటారు. దొంగకు పులి, పోస్ట్‌మ్యాన్‌కు పసిబిడ్డ, కోర్టుకు మూగజీవి.

అసలు బోర్డు ఎవరి కోసం? దొంగ కోసమంటారు. వీధిలో నాలుగు రోజులు తిరిగి అన్ని బోర్డులూ తీరిగ్గా చదువుకునేది వాడొక్కడే. చదివి, వచ్చే రాత్రి బిస్కట్ పాకెట్టు జేబులో వేసుకుని వస్తాడు. కాటు తినేది మాత్రం పని మీద వచ్చేవాళ్లు: గ్యాస్ సిలిండర్ భుజాన మోసుకొచ్చే మనిషి, కరెంటు రీడింగు తీసే మనిషి, చెత్త బుట్ట అందుకునే మున్సిపల్ కార్మికురాలు, పనిమనిషి వెంట వచ్చిన ఐదేళ్ల పిల్ల. వీళ్లెవరూ గోడ దూకి రాలేదు. ఫోన్ చేసి పిలిస్తే వచ్చినవాళ్లు. 1830లో ఇంగ్లండ్‌లో సార్చ్ వర్సెస్ బ్లాక్‌బర్న్ అనే కేసులో ఈ ముచ్చట తేలింది. ఇల్లు కాపాడుకోవడానికి కోపిష్టి కుక్కను పెంచుకునే హక్కు మనిషికి ఉంది, కానీ న్యాయమైన పని మీద ఇంటికి వచ్చేవాడి దారిలో దాన్ని ఉంచే హక్కు లేదన్నారు. అక్కడా బోర్డుంది. కాటు తిన్న మనిషికి చదవడం రాదు. బోర్డు యజమానిని కాపాడలేదు. ఒడిశా నుంచో బిహార్ నుంచో వచ్చి మన ఊళ్లో పార్సిళ్లు మోసే కుర్రాడికి గేటు మీది తెలుగు ఎలా కనిపిస్తుందో ఆలోచిస్తే, ఆ పాత కేసు మన వీధిలోదే అనిపిస్తుంది.

బోర్డు గెలిచిన కేసులూ లేకపోలేదు. లండన్ ఈస్ట్ ఎండ్‌లో ఒక పాత ఇనుము యార్డులో రాత్రిపూట అల్సేషియన్‌ను వదిలేసేవారు. పెద్ద అక్షరాల బోర్డు ఉంది. అనుమతి లేకుండా లోపలికి అడుగుపెట్టిన ఒకామెను కుక్క కరిచింది. కేసు న్యాయమూర్తి లార్డ్ డెన్నింగ్ దాకా వెళ్లింది. కుక్క సంగతి తెలిసే వెళ్లింది, పైగా ఆమెకు అక్కడ పని లేదు అని యజమాని పక్షాన తీర్పిచ్చారు. అయితే ఆ తీర్పు వెలువడేలోపే, 1975లో, అక్కడి పార్లమెంటు గార్డ్ డాగ్స్ చట్టం చేసింది. వ్యాపార స్థలాల్లో కాపలా కుక్కను కట్టేసి ఉంచాలి, లేదా దాన్ని అదుపు చేయగల మనిషి పక్కనే ఉండాలి, ప్రతి ప్రవేశద్వారం దగ్గరా బోర్డు కూడా ఉండాలి. బోర్డు అదనం, బదులు కాదు. ఇది కొత్త తెలివేం కాదు. రోమన్ల పాంపే నగరం క్రీ.శ. 79లో అగ్నిపర్వతపు బూడిదలో కూరుకుపోయింది. అక్కడ ఒక ఇంటి గుమ్మంలో రంగురాళ్లతో పేర్చిన కుక్క బొమ్మ, కింద లాటిన్‌లో హెచ్చరిక ఇప్పటికీ ఉన్నాయి. ఆ బొమ్మలో కుక్క మెడకు గొలుసుంది. రెండు వేల ఏళ్ల కిందటి రోమన్‌కు బొమ్మలో కూడా గొలుసు వేయాలని తోచింది.

మన ఇళ్ల నిర్మాణంలో ఇంకో గొప్ప ఏర్పాటుంది. బోర్డు గేటుకు బయట ఉంటుంది, కాలింగ్ బెల్లు గేటుకు లోపల, వరండా దాటి, సింహద్వారం పక్కన. కరెంటు మీటరు ఇంకా లోపల, మెట్ల కింద. జాగ్రత్తపడదలచుకున్నవాడు ఇంటివాళ్లను పిలిచి కుక్కను కట్టేయమని చెప్పాలి. పిలవాలంటే బెల్లు కొట్టాలి. బెల్లు కొట్టాలంటే కుక్కను దాటాలి. కేకేద్దామంటే టీవీ సీరియల్ నడుస్తూ ఉంటుంది.

అపార్ట్‌మెంట్లలో ఈ గొడవ కూడా లేదు, గేటే లేదు కదా. 2023 జనవరిలో బంజారాహిల్స్‌లో భోజనం ఇవ్వడానికి వెళ్లిన యువకుడి మీదికి తలుపు సందులోంచి జర్మన్ షెపర్డ్ వచ్చింది. పరుగెత్తి, మూడో అంతస్తు నుంచి కింద పడ్డాడు. కొద్ది రోజులకు నిమ్స్‌లో ప్రాణం పోయింది. అదే ఏడాది మే నెలలో మణికొండలో పరుపు డెలివరీకి వెళ్లిన ఇంకొకరు డాబర్‌మ్యాన్‌కు జడిసి మూడో అంతస్తు నుంచే దూకి ఎముకలు విరగ్గొట్టుకున్నారు. వాళ్లిద్దరి దగ్గరా యాప్ ఉంది, కస్టమర్ పేరుంది, ఫ్లాట్ నంబరుంది, ఎన్ని నిమిషాల్లో చేర్చాలో ఉంది. తలుపు వెనకాల ఏముందో రాసే గడి మాత్రం అందులో లేదు.

కేసు వేస్తే న్యాయం జరగదా అంటే, జరుగుతుంది, ఆయుష్షు ఉండాలి. ముంబైలో 2010లో రాట్‌వీలర్ ఒక పెద్దాయనను కరిచింది. కుక్క ఉన్న కారు తలుపు తీయొద్దని ఆయన చెబుతున్నా యజమాని తీశారన్నది ఆరోపణ. 2023లో మేజిస్ట్రేట్ కోర్టు యజమానికి మూడు నెలల జైలు వేసింది. రాట్‌వీలర్ సగటున బతికేది పదేళ్లు. మన దేశంలో కుక్క కాటు కేసు కుక్క కంటే ఎక్కువ కాలం బతుకుతుంది.

ఈలోపు కాటు తిన్నవాడు చేసేదేమిటి? కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడుక్కుని టీకా కోసం నారాయణగూడ ఐపీఎం క్యూలో నిలబడతాడు. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదుల కాలం పోయింది. ఇప్పుడు చర్మంలోకి వేసేది మొదటి రోజు, తర్వాత మూడో, ఏడో, ఇరవై ఎనిమిదో రోజున. ప్రతి సూదికీ ఒక పూట కూలి, ఆటో చార్జీ. రేబిస్ లక్షణాలు ఒకసారి మొదలైతే మనిషి దాదాపుగా దక్కడు గనుక ఏ సూదీ మానడానికి లేదు. ఇంజనీరు గారు మాత్రం పేపరబ్బాయి తండ్రితో "మావాడికి అన్నీ వేయించామయ్యా, మీకెందుకు దండగ" అన్నారు. జీహెచ్ఎంసీలో కుక్కకు లైసెన్సు ఉందా, రేబిస్ టీకా సర్టిఫికెట్ చూపిస్తారా అని అడిగితే, ఇంట్లో ఎక్కడో ఉండాలన్నారు. నోయిడాలో 2023 మార్చి నుంచి పెంపుడు కుక్క కరిస్తే పది వేల జరిమానా, పైగా వైద్యం ఖర్చు కూడా యజమానే భరించాలని నిబంధన పెట్టారని చెబితే, "అది ఉత్తరాది కదా" అన్నారు.

చివరికి కాలనీ సంఘంలో రాజీ కుదిర్చారు. రెండు షరతులు. సూదుల రోజుల కూలి ఇంజనీరు గారు ఇవ్వాలి, బెల్లు గేటు బయటికి మార్పించాలి. కూలి ఇచ్చేశారు, మాట మీద నిలబడే మనిషే. బెల్లు సంగతే ఇంకా తేలలేదు. గుర్తుచేసినప్పుడల్లా ఒకటే జవాబు: "బయట పెడితే బడి పిల్లలు ఊరికే నొక్కి పారిపోతారండీ. మావాడికి మధ్యాహ్నం నిద్ర పాడవుతుంది."