ఒక డీఎన్ఏ పోగు ఆత్మకథ

నేను పందొమ్మిది అక్షరముల నిడివిగల ఒంటి డీఎన్ఏ పోగును. మానవుని హీమోగ్లోబినులోని బీటా గొలుసునకు మూలమగు జన్యువునుండి ఒక చిన్న ఖండమును అనుకరించి, యంత్రము నన్ను అక్షరము వెంట అక్షరముగా కూర్చినది. ఆ జననవృత్తాంతముతో మిమ్ము విసిగింపను. ఏడవ చోటనున్న అడినిన్ అను అక్షరమే నాకు ప్రాణము. జన్యువునందు ఆ స్థానమున అడినిన్ ఉన్నచో గొలుసులో గ్లుటామిక్ ఆమ్లము చేరును. థైమిన్ పడినచో వాలిన్ చేరును. తల్లిదండ్రులిరువురినుండియు ఆ రెండవ రూపమే సంక్రమించిన బిడ్డకు, ప్రాణవాయువు తగ్గినపుడు ఎఱ్ఱకణములు కొడవలి ఆకారమునకు వంగి, సన్నని రక్తనాళములను మూసివైచి, దుస్సహమైన నొప్పిని కలిగించును. ఈ వ్యాధికి మూలము ఒక అణువునందే కలదని రసాయనశాస్త్రజ్ఞుడు లైనస్ పౌలింగు 1949లో లోకమునకు చాటెను. ఆ ఒక్క అక్షరమును కనిపెట్టుటయే నా వృత్తి.

కన్నులు లేని నాకు అది సాధ్యమగుట వేడివలననే. అడినినుతో థైమిన్ రెండు హైడ్రోజన్ బంధములతోను, గ్వానినుతో సైటోసిన్ మూడింటితోను కూడుకొనును. అంతకన్న ముఖ్యముగా, జతలు ఒకదానిపై నొకటి పేర్పుగొని పరస్పరము ఆకర్షించుకొనుటచేత జంటపోగునకు దార్ఢ్యము కలుగును. వేడి హెచ్చినకొలది ఆ కూడిక సడలును. సగము జంటలు విడిపోవు వేడిమిని ద్రవీభవన ఉష్ణోగ్రత యందురు. అడినిన్-థైమిన్ జతకు 2 డిగ్రీలు, గ్వానిన్-సైటోసిన్ జతకు 4 డిగ్రీలు చొప్పున లెక్కించు వాలెస్ నియమము ననుసరించి, మొదటివి 8, రెండవవి 11 గల నాకు అది 60 డిగ్రీలగును.

నేను వ్రాలునది నేను అనుకరించిన పోగుపై కాదు, దాని ఎదుటిపోగుపై; కావున థైమిన్ గల కొడవలి జన్యువుపై నేను వ్రాలినపుడో, నా అడినినునకు ఎదుట మఱియొక అడినినే యుండును. రెండును స్థూలకాయములే, ఒకదానికొకటి చోటీయజాలవు, రావలసిన బంధములు రాకపోవుటయే గాక, ఇరుప్రక్కల జతల పేర్పు సైతము చెదరిపోవును. అన్ని తప్పుజతలును ఇంత క్రూరములు కావు: గ్వానిన్ థైమినుతో ఎట్లో సర్దుకొనును, సైటోసినుతో సైటోసిన్ బొత్తిగా నిలువదు, దోషము పోగు కొననున్నచో నష్టము స్వల్పము. దీర్ఘమైన డీఎన్ఏలో నూటికొక అక్షరము తప్పినను ద్రవీభవన ఉష్ణోగ్రత సుమారు ఒక డిగ్రీ మాత్రమే తగ్గును. నావంటి పొట్టిదానికి నడుమ ఒక్క తప్పు సుమారు ఐదు మొదలు పది డిగ్రీల వరకు హరించును. ఆ పొట్టితనమే నా బలము. కాలిఫోర్నియాలోని సిటీ ఆఫ్ హోప్ పరిశోధనాలయమున వాలెస్, ఇటాకురా ప్రభృతులు 1979లో ఫై ఎక్స్ 174 అను వైరసు డీఎన్ఏతో ఈ సత్యమును నిరూపించి, 1983లో నావంటి పందొమ్మిది అక్షరముల పోగులతోనే కొడవలి జన్యువును ఆరోగ్యజన్యువునుండి వేఱుచేసి చూపిరి. ఆ వంశమున పుట్టితినని నాకు నేటికిని గర్వమే.

ఐనను నా సత్యవాక్కు నా చేతిలో లేదు. నన్ను డీఎన్ఏపై వ్రాలనిచ్చి, పిమ్మట సరిపడనివి రాలిపోవునట్లు కడుగువాని చేతిలో నున్నది. నేనును నా తోడిపోగును ఫాస్ఫేటుల ఋణావేశము గలవారము గనుక సహజముగా ఒకరినొకరము తరుముకొందుము. నీటిలోని సోడియం లవణము ఆ వైరమును కప్పిపుచ్చును. లవణము మిక్కుటమై, వేడిమి చాలనిచో, సరిపడని పోగును సైతము నేను వదలలేను. ఒక పనివాడు తొట్టిలోని వేడిమిని చూడక, లవణము పలుచన చేయక, తొందరగా కడిగి ముగించినాడు. రెండు పక్షములనుండియు కొడవలి జన్యువే సంక్రమించిన ఒక శిశువు డీఎన్ఏపై, ఏడవ చోట థైమిను ధరించిన నా సోదరి న్యాయముగా నిలిచినది. రాలిపోవలసిన నేను కూడ నిలిచిపోతిని. ఫిల్ముపై రెండు నల్లని మచ్చలు పడినవి. వ్యాధిగ్రస్తుడైన ఆ శిశువు రెండు రూపముల జన్యువులును గల వాహకుడు మాత్రమేనని పుస్తకమున వ్రాయబడినాడు. ఇంకొక ఐదారు డిగ్రీలు హెచ్చగు వేడినీరు పోసియున్నచో నేను నిజము చెప్పియుందును. ఆ పరితాపము నన్ను విడువలేదు.

ఫిల్మును నల్లబరచు నా వెలుగు కూడ అల్పాయువే. నాకు తగిలించిన రేడియోధార్మిక భాస్వరము సుమారు 14 దినములకు సగమై, మఱి 14 దినములకు అందులో సగమై క్షీణించును. అది మందగించినంతనే నన్ను సీసపు పెట్టెలోనికి నెట్టిరి. వెలుగుగుర్తు తగిలింపని నా సహోదరులు శీతలపేటిక అడుగున, పేరు చెరిగిన గొట్టములో, కరగుచు గడ్డకట్టుచు ఏండ్లు గడిపిరి; వారి అక్షరములింకను చెడకున్నను, వారెవరో చెప్పగలవారు లేనందున చెత్తబుట్ట పాలైరి. దోషముండి పాఱవేసిన బాధ వేఱు. దోషము లేక, పేరు లేనందున పాఱవేసిన బాధ వేఱు.

నా స్థానమునకు వచ్చిన, డీఎన్ఏ ప్రతికృతిని మొదలిడు ప్రైమరులను పొట్టిపోగులును ఈ ధర్మమునకే లోబడినవి: కొననున్న అక్షరము కుదరనిచో ప్రతికృతి సేయు ఎంజైము ముందునకు సాగుట దుష్కరము, వేడిమి తగ్గించినచో తప్పుజతనుండియు సాగగలదు. కావున ఆంధ్ర, తెలంగాణముల మన్యపు గూడెములనుండి వచ్చిన బిడ్డల రక్తమును పరీక్షించు సోదరులారా, ఉష్ణమాపకమును స్వయముగా చూడుడు. కొడవలి జన్యువే యున్నదని తెలిసిన నమూనాను, లేదని తెలిసిన నమూనాను ప్రక్కప్రక్కన నడిపింపుడు. ఆ రెండును సరిగా పలికిన పిమ్మటనే బిడ్డ పేరునకు ఎదుట ఫలితము వ్రాయుడు.