మా బావ, 61వ మేళకర్త

పాడడు, వాయించడు. పాడేవాళ్లకూ వాయించేవాళ్లకూ వంకలు మాత్రం పెడతాడు. ఊరికొకడుంటాడు ఈ బాపతు. కొత్తకోటకు మా బావ.

ఎరువులు, విత్తనాల దుకాణం ఆయనది. యాభై దాటాక సంగీతం మీద మనసు పోయింది. మాయామాళవగౌళలో సరళీ స్వరాల మొదటి వరుస ఇంకా దాటలేదు గానీ, పరిభాష మాత్రం ఆసాంతం మింగేశాడు. శ్రుతి, స్థాయి, గమకం, గ్రహం, న్యాసం అన్నీ నాలుక చివరే. గల్లాపెట్టె మీద ఆదితాళం నడుస్తూనే ఉంటుంది: ఒక వేటు, చిటికెన వేలి నుంచి మూడు వేళ్లు, మళ్లీ వేటు, ఉసి, వేటు, ఉసి. వేరుశనగ విత్తనానికి వచ్చిన రైతు ఆ వేళ్లు చూసి కంగారుపడ్డాడు. "ఎనిమిది ఎందుకు సేటూ, నాకు రెండు సంచులు సాలు."

అక్క మీద కూడా శాస్త్రమే. "మీ అక్క షడ్జమం, కదలదు. నేను మధ్యమం, రెండు రకాలు" అన్నాడొకసారి. అక్క బియ్యం ఏరుతూనే, "తెలుసు. ఇంట్ల ఒక తీరు, బయట ఒక తీరు" అంది.

మా గృహప్రవేశానికి భజన పెట్టించాం. పాట మంచి ఊపులో ఉండగా బావ చెయ్యెత్తాడు. "గాంధారం దిగింది." సరే, సరైన గాంధారం మీరే అందుకోండి అన్నారు భజనవాళ్లు. బావ మంచినీళ్లు అడిగాడు. గొంతు సవరించుకున్నాడు. గాంధారాలు మూడని, శుద్ధ, సాధారణ, అంతర అని మొదలుపెట్టి, అందులో శుద్ధ గాంధారమూ చతుశ్శ్రుతి రిషభమూ ఒకే మెట్టు మీద కూర్చుంటాయని తేల్చేసరికి మంగళహారతి అయిపోయింది, ప్రసాదం కూడా పంచేశారు. ఆ గాంధారం ఈనాటికీ మా చెవిన పడలేదు.

అసలు పిచ్చి కటపయాది. 17వ శతాబ్దంలో వేంకటమఖి 72 మేళాల, అంటే మూల రాగాలైన మేళకర్తల, లెక్క కట్టాడు. తర్వాతివాళ్లు కటపయాది లెక్కన మేళం పేరులోని మొదటి రెండక్షరాల్లో దాని నంబరు దాచారు. క నుంచి తొమ్మిదక్షరాలకు 1 నుంచి 9, ట నుంచీ అంతే. ప నుంచి ఐదు, య నుంచి ఎనిమిది. ఞ, న సున్నాలు. వచ్చిన రెండంకెలు తిరగెయ్యాలి. 'మాయా' అంటే 5, 1, తిరగేస్తే 15. మాయామాళవగౌళ 15వ మేళం.

ఇది తెలిసిన నాటి నుంచి బావకు 44వ నంబరు జాతీయ రహదారి మీద బస్సు బోర్డులే సంగీత గ్రంథం. వనపర్తి: 4, 0, తిరగేస్తే 4. "వనస్పతి రాగం, బామ్మర్దీ!" పొద్దుగాల్నే డాల్డా ఏంది బావా అన్నాను. వినలేదు. గద్వాలలో ఒత్తు లెక్కకొస్తుంది: 3, 4, 43 గవాంభోధి. నాగర్‌కర్నూల్ 30 నాగానందిని. కర్నూలైతే ఏకంగా ఒకటో నంబరు కనకాంగి. మన కొత్తకోట? 1, 6, 61 కాంతామణి. ఆ రోజు దుకాణంలో అందరికీ చాయ్ తాగించాడు.

ఉడుకుమోత్తనం కొద్దీ తప్పు పడదామని నేనూ కాగితం మీద వేసి చూశాను. ఒక్కటీ దొరకలేదు. పైగా ఆ జబ్బు నాకూ అంటుకుంది. శుభలేఖ వస్తే ముహూర్తం కన్నా ముందు పెళ్లికూతురి పేరు తిరగేస్తున్నాను.

పన్నెండు మెట్ల కిన్నెరకు 2022లో పద్మశ్రీ తెచ్చిన దర్శనం మొగిలయ్యది పక్క నాగర్‌కర్నూల్ జిల్లానే. పన్నెండు మెట్లంటే పన్నెండు స్వరస్థానాలేనని బావ వాదం. కానీ ఫోన్‌లో ఆ కిన్నెర మీద పండుగ సాయన్న కథ మొదలైందా, వాదం మరిచిపోతాడు. వేళ్లు కూడా ఆగిపోతాయి. బావ నాకు మహా నచ్చేది అప్పుడే.

మొన్న కొడుకు ఫోన్ చేసి, దుకాణం కట్టేసి తమ దగ్గరికి హైదరాబాద్ వచ్చెయ్యమన్నాడు. బావ లెక్క వేశాడు. హై 8, ద 8. 88! మేళాలున్నదే 72.

"రాగం లేని ఊర్ల నేనుండ."

"మేముండేది సికింద్రాబాద్ల కద నాయినా."

బావ వేళ్లు కదిలాయి. 7, 1, తిరగేస్తే 17. ముఖం వెలిగిపోయింది. "సూర్యకాంతం!" అని కేక పెట్టాడు. అటుపక్క స్పీకర్‌లో కోడలు వింటోంది. అది 17వ మేళకర్త అని చెప్పేలోపే ఫోన్ కట్టయింది.