కాలువ పాఠం

సోషల్ చెప్పడంలో కొత్తదాన్నేమీ కాదు, కాబట్టి తెలియక అన్నానని చెప్పుకునే వీలు నాకు లేదు. ఐదో తరగతికి నీటిపారుదల పాఠం చెబుతున్నాను. తుంగభద్ర గురించి పుస్తకంలో ఉన్న కొద్ది వాక్యాలూ చదివించి, పుస్తకం మూసి, నా మాట ఒకటి చేర్చాను. "కాలువ రాకముందు ఇక్కడ ఏమీ ఉండేది కాదు. మనవాళ్ళొచ్చి బంగారం పండించారు."

మా బడి కర్ణాటకలో, సింధనూరు తాలూకాలో, ఒక క్యాంపుకీ పాత ఊరికీ మధ్య ఉంది. క్యాంపు పిల్లల తాతలు గోదావరి, కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి కాలువ కింద సేద్యానికి వచ్చినవాళ్ళు. ఊరి పిల్లల ఇళ్ళలో కన్నడం. "మనవాళ్ళు" అన్న ఒక్క మాటతో సగం తరగతిని గుమ్మం బయట నిలబెట్టానని నాకు తట్టనే లేదు. నేనూ క్యాంపులో పుట్టినదాన్నే. కోస్తాలో పొలాలమ్ముకుని రావడం, తుమ్మలు కొట్టడం, రేగడి చదును చేయడం, తేళ్ళ మధ్య గుడిసెల్లో కాపురాలు చేయడం, ఇవన్నీ వింటూ పెరిగాను. అందులో అబద్ధం లేదు. మా తాత అరచేతుల కాయలు నేను తాకి చూశాను.

కిటికీ పక్కన కూర్చునే పిల్ల లేచింది. కన్నడంలోనే అంది, గొంతు పెంచకుండా. "మా తాతకి పొలం ఉండేది టీచర్. మీవాళ్ళకే అమ్మాడు. ఇప్పుడు మా అమ్మ అదే పొలంలోకి నాట్లకి పోతుంది."

"అది పాఠంలో లేదు, కూర్చో" అన్నాను.

మొదటి మాట కంటే ఈ రెండో మాటే నన్ను ఎక్కువ బాధిస్తుంది. పదేళ్ళ పిల్ల నాకు సోషల్ చెప్పింది, నేను నోరు మూయించాను.

ఏమీ లేని నేలట! ఇక్కడికి దగ్గర్లోనే మస్కి ఉంది. 1915లో బీడన్ అనే గని ఇంజనీరు అక్కడి బండమీద అశోకుడి శాసనం కనిపెట్టాడు. మిగతా శాసనాల్లో చాలావాటిలో "దేవానాంప్రియ" అన్న బిరుదే ఉంటే, ఇందులో అశోకుడన్న పేరే చెక్కి ఉంది. ఆ బిరుదున్న రాజు ఎవరో తేలడానికి ఈ రాయి ఎంతో పనికొచ్చింది. కృష్ణా తుంగభద్రల నడుమ ఈ అంతర్వేది కోసం విజయనగరం ఒకవైపు, బహమనీలూ వాళ్ళ తర్వాత ఆదిల్‌షాహీలూ మరోవైపు తరాలపాటు కొట్టుకున్నారు. 1520లో శ్రీకృష్ణదేవరాయలు ఇస్మాయిల్ ఆదిల్‌షాని ఓడించి రాయచూరు కోట పట్టుకున్నాడు. ఏమీ పండని నేల కోసం ఇంత రక్తం పారుతుందా? ఇవన్నీ నేను పిల్లలచేత బట్టీ పట్టించినవే. కాలువ పాఠం దగ్గరికొచ్చేసరికి ఒక్కటీ గుర్తు రాలేదు.

తర్వాత ఆ పిల్లచేతే తాతని పిలిపించాను. ఆయన తరగతి గదిలో నేలమీదే కూర్చున్నాడు. తెల్లజొన్న, పత్తి, కుసుమ, శనగ వేసేవాళ్ళమన్నాడు. జొన్నలు పాతరలో పోసి మూతపెడితే కరువు ఏడాదికి తీసుకునేవాళ్ళట. పాతర తెరిచిన వెంటనే దిగకూడదని, లోపలి గాలికి ప్రాణం పోతుందని, దీపం దించి చూసేవాళ్ళమని చేతులతో చూపించాడు. "వరి వచ్చాక నేల చెమ్మగిల్లింది, పాతర పనికిరాకుండా పోయింది" అన్నాడు. క్యాంపు పిల్లలు కదలకుండా విన్నారు. వాళ్ళ ఇళ్ళలో ఈ కథ ఎవరికీ తెలియదు, నాకూ తెలియదు.

ఇంకో సంగతీ దాటేస్తూ వచ్చాను. తుంగభద్ర డ్యాం 1953లో పూర్తయింది. ఎడమ కాలువ పొడవు 227 కిలోమీటర్లు. దాని కింద ఎక్కువ భూమికి ఆరుతడి పంటలే అనుకున్నారు, నీళ్ళు ఎక్కువమందికి అందాలని. ఎగువన మేం వరి పెట్టాం. దిగువన మాన్వి, రాయచూరు వైపు చివరి భూములకి నీళ్ళు చాలకుండా పోయాయి. ఈ ముక్క చెబితే క్యాంపు తల్లిదండ్రులు నొచ్చుకుంటారని భయపడ్డాను. చివరికి బడి ఆవరణలో పొడుగ్గా చిన్న కాలువ తవ్వించి, పిల్లల్ని పక్కన వరసగా కూర్చోబెట్టి, బకెట్‌తో నీళ్ళు పోశాను. ముందున్నవాళ్ళు మట్టితో అడ్డం కట్టి తమ మడి నింపుకున్నారు. చివర కూర్చున్న పిల్లవాడి మడి పొడిగానే ఉంది. వాళ్ళ అమ్మమ్మగారిది మాన్వి దగ్గర ఊరు. "అక్కడా ఇంతే" అన్నాడు. ముందున్నవాళ్ళలో ఒకడు లేచి తన కట్ట తెంపాడు, నేను చెప్పకుండానే.

క్యాంపు బళ్ళలో సోషల్ చెప్పే అక్కచెల్లెళ్ళకీ అన్నదమ్ములకీ నా మనవి ఒకటే. కాలువ పాఠం వచ్చిన రోజు మీరు మొదలుపెట్టకండి. పాత ఊరి పిల్లని, చివరి భూముల పిల్లవాణ్ణి ముందు మాట్లాడనివ్వండి.