ఇల్లరికపు చక్రవర్తులు

బైజాంటియం పెద్దల తెలివికి జోహార్లు. ఆడది రాజ్యం ఏలకూడదన్నారు. ఏలేవాణ్ణి మాత్రం ఆ ఆడదాని చేతి మీదుగానే తెచ్చుకున్నారు. 1028 నుంచి 1055 దాకా కాన్‌స్టాంటినోపుల్ గద్దె మీద కూర్చున్న మగవాళ్లు నలుగురు. అందులో ముగ్గురు జోయి మహారాణికి మొగుళ్లు, ఒకడు దత్తపుత్రుడు. ఇల్లరికం వచ్చినవాళ్లంతా చక్రవర్తులై చరిత్రకెక్కారు. ఇంటి ఆడపడుచు మాత్రం కాముకి, సోకులాడి అన్న పేరు మోసింది.

ముందు వంశ గౌరవం చూద్దాం. జోయి ‘ఊదా గది’లో పుట్టిన పిల్ల. అంటే ఏలుతున్న చక్రవర్తికి, అంతఃపురంలోని ఆ ప్రత్యేక గదిలో పుట్టిన సంతానం. దాన్ని మించిన బిరుదు ఆ రాజ్యంలో లేదు. ఇంతకీ ఈ పవిత్ర రక్తానికి ఊట ఎక్కడ? మూలపురుషుడు మొదటి బాసిల్ పల్లెటూరి రైతు బిడ్డ. తనను చేరదీసి పక్కన కూర్చోబెట్టుకున్న మూడో మైకేల్‌ను 867లో చంపించి గద్దెనెక్కాడు. అతని వారసుడు లియో అతని కొడుకా, చచ్చిన మైకేల్ కొడుకా అన్న గుసగుస అప్పట్లోనే ఉంది, ఎందుకంటే తల్లి మైకేల్ ఉంపుడుగత్తె. ఆ లియో నాలుగు పెళ్లిళ్లు చేసుకుని చర్చితో పేచీ పెట్టుకున్నాడు. జోయి నాయనమ్మ థియోఫానో 969లో రెండో మొగుణ్ణి పడకగదిలోనే నరికించిందని ప్రతీతి. ఇంతటి సచ్ఛీల వంశానికి మచ్చ తెచ్చింది జోయి ఒక్కతేనట!

పెదనాన్న రెండో బాసిల్ మహావీరుడు, పెళ్లి చేసుకోలేదు. తమ్ముడు కాన్‌స్టాంటైన్‌కు ముగ్గురూ ఆడపిల్లలే. వాళ్లను దేశంలో ఎవరికైనా ఇస్తే అల్లుడు గద్దెకు ఎసరు పెడతాడని ఆ వీరుడికి దిగులు. చెల్లెలు అన్నా విషయంలో మాత్రం లెక్క వేరు. తిరుగుబాటు అణచడానికి దాదాపు 6,000 మంది యోధులను పంపినందుకు ఆమెను కీవ్ ఏలిక వ్లాదిమిర్‌కు ఇచ్చేశాడు. జోయికి కుదిరిన వరుడు పశ్చిమ చక్రవర్తి మూడో ఒట్టో. 1002లో పెళ్లికూతురు ఇటలీలోని బారి రేవులో దిగేసరికి వరుడు కన్నుమూశాడు. వచ్చిన దారినే వెనక్కి. ఆపైన పాతికేళ్లు దాటినా ఆమెకు పెళ్లి కాలేదు.

1028 నవంబరులో, అన్న తర్వాత గద్దెనెక్కిన తండ్రి కాన్‌స్టాంటైన్ మంచం పట్టి, పోయే ముందు మేలుకున్నాడు! అల్లుడు కావాలి, అదీ అప్పటికప్పుడు. నగరాధికారి రోమనోస్ ఆర్గిరోస్‌కు అరవై ఏళ్లు, ఇంట్లో పెళ్లాం ఉంది. ‘విడాకులు ఇస్తావా, కళ్లు పీకించుకుంటావా?’ అని ఎంచుకోమన్నారు. పాపం, ఆ ఇల్లాలు మారు మాట్లాడకుండా సన్యాసినుల మఠంలో చేరింది. జోయి చెల్లెలు థియోడోరా ఈ వరుణ్ణి కాదంది. యాభై ఏళ్ల జోయి పీటల మీద కూర్చుంది. వారసుడి కోసం రాజుగారు మందులూ మాకులూ తిని, అవి ఫలించకపోయేసరికి విసుగెత్తి, భార్య ఖర్చులకిచ్చే డబ్బు కత్తిరించాడు. ఖజానా ఆమె పుట్టింటిదన్న సంగతి మరిచిపోయినట్టున్నాడు.

1034 ఏప్రిల్ 11న రోమనోస్ స్నానాల గదిలో చచ్చాడు. నీళ్లలో ముంచి చంపారని చాలామంది నమ్మారు. అదే రోజు జోయి మైకేల్ అనే కుర్రవాణ్ణి పెళ్లాడింది. ఈ విషయంలో ఆమెను వెనకేసుకు రావడం నావల్ల కాదు. అయితే, చర్చి పెద్ద పేట్రియార్క్‌గారు కాసేపు నోట మాట రాక నిలబడి, బంగారం ముట్టాక మంత్రాలు చదివాడని కూడా చరిత్రలోనే ఉంది. దాని మీద ఎవరూ నవలలు రాయలేదు. కొత్త మొగుడు ఆమెను గదిలో పెట్టి కాపలా వేశాడు. రాజ్యం అతని అన్న చేతిలోకి వెళ్లింది. చావు ముంగిట మఠంలో ఉన్న అతన్ని చూడ్డానికి ఆమె నడిచి వెళితే, చూడనని కబురు పెట్టాడు.

ఆ అన్నదమ్ముల ఒత్తిడితో దత్తత తీసుకున్న మేనల్లుడు అయిదో మైకేల్ ఇంకా ఘనుడు. అతని తండ్రి ఓడల చెక్కల మధ్య సందులు పూడ్చే పనివాడు. ‘అమ్మా’ అంటూ కాళ్లకు మొక్కి కిరీటం పెట్టించుకుని, అయిదు నెలలు తిరగకుండానే, 1042 ఏప్రిల్‌లో, ఆ అమ్మకు గుండు చేయించి ప్రింకిపో దీవికి పంపాడు. నగరం భగ్గుమంది. ఎన్నడూ గడప దాటని ఆడవాళ్లు కూడా వీధుల్లోకి వచ్చారు. మఠంలో దాక్కున్న మైకేల్‌ను ఈడ్చుకొచ్చి కళ్లు పీకారు. జనానికి తెలిసిన వారసత్వం సభలోని పెద్దలకే తెలియలేదు.

అప్పుడు అక్కాచెల్లెళ్లు కలిసి ఏలారు. ఎన్నాళ్లు? రెండు నెలలు కూడా నిండలేదు. మళ్లీ మగదిక్కు వెతుకులాట. అలా మూడో మొగుడు, తొమ్మిదో కాన్‌స్టాంటైన్ దిగాడు. మూడో పెళ్లి శాస్త్రానికి విరుద్ధమని పేట్రియార్క్ ఆ తంతు తాను చేయలేదు, కిరీటం మాత్రం తానే పెట్టాడు. వరుడు వెంట ఉంపుడుగత్తె స్క్లిరైనానూ తెచ్చుకున్నాడు. ఆమెకు సభ సాక్షిగా ఒప్పందం, బిరుదు, అంతఃపురంలో గదులు! అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు బాసిల్ కూడబెట్టిన ఖజానా కరిగింది, నాణెంలో బంగారం పలచబడింది.

హగియా సోఫియా దక్షిణపు మాళిగలో జోయి మొజాయిక్ ఇప్పటికీ ఉంది. పక్కన డబ్బు సంచితో ఉన్న చక్రవర్తి మొహం చెక్కి మార్చారు, పేరూ మార్చారు. మొగుడు మారినప్పుడల్లా కొత్త బొమ్మ వేయించడం దండగ, తల మారిస్తే చాలు. మొజాయిక్ పనివాడికి తెలిసినంత రాజనీతి మంత్రులకు తెలియలేదు.

ఆస్థానంలో జీతం తిన్న చరిత్రకారుడు ప్సెల్లోస్ అక్కాచెల్లెళ్లిద్దరూ పాలనకు పనికిరారని తేల్చాడు. అతనికి ఆమె గదిలో కనిపించింది అత్తరు కాచే కుంపట్లు. నిజమే, కాచింది. చేతిలో రాజ్యం లేనివాళ్లు ఏం కాయాలి మరి?

1050లో జోయి పోయింది, 1055లో ఆ మొగుడూ పోయాడు. డెబ్బై దాటిన థియోడోరా ఈసారి ఎవరినీ పెళ్లాడకుండా తానే ఏలింది. పేట్రియార్క్ గొణిగాడు, రాజ్యం మాత్రం మునగలేదు. 1056 ఆగస్టులో ఆమె పోతూ ఉంటే, చుట్టూ ఉన్న పెద్దలు ఆమె చేత ముసలి ఆరో మైకేల్‌ను ఎంపిక చేయించారు. ఆ మగదిక్కును ఏడాది తిరిగేసరికి సైన్యమే దించేసింది.