సర్దుబాటు

రోహిణి కార్తె ఎండల్లో, బెజవాడలో, ఉన్ని స్వెట్టరు వేయించి కొలత చూడటమంటే పిల్లలు చేతికి దొరకరు. పెద్దమ్మ మనవరాలిని ఫ్యాను కింద నిలబెట్టి "ఒక్క నిమిషం తల్లీ, చెయ్యి చాపు" అని బతిమాలింది. మణికట్టు దగ్గర రెండు వేళ్ల మేర పొట్టి అయిందని గమనించి, ఆ రాత్రే అంచు విప్పి మళ్లీ అల్లింది.

"మనం జూన్‌లో లద్దాఖ్ వెళ్తున్నామమ్మా" అని అన్నయ్య చెప్పిన రోజు నుంచీ ఆ ఇంట్లో ఇదే పని.

పెద్దమ్మ జిల్లా పరిషత్ హైస్కూళ్లలో సోషల్ టీచరుగా చేసి రిటైరయింది. నేనూ ఆవిడ దగ్గరే చదువుకున్నాను. కారకోరం, లద్దాఖ్, జన్‌స్కార్ శ్రేణుల్ని పుస్తకం చూడకుండా బోర్డు మీద గీసేది. సింధు నది గీసేటప్పుడైతే సుద్దముక్క ఎత్తేది కాదు. కైలాస పర్వతం దగ్గర మొదలుపెట్టి, లేహ్ పక్కగా తీసుకొచ్చి, నంగా పర్బత్ దగ్గర దక్షిణానికి మళ్లించి, కరాచీ దిగువన సముద్రంలో కలిపాక గానీ మా వైపు తిరిగేది కాదు. అంత చక్కగా గీసిన మనిషి కళ్లారా చూసిన నదులు మాత్రం కృష్ణ, గోదావరి, తిరుపతి వెళ్లే దారిలో రైలు కిటికీలోంచి పెన్న. "నిమ్ము అనే ఊరి దగ్గర జన్‌స్కార్ వచ్చి సింధులో కలుస్తుందే. రెండు నీళ్లూ రెండు రంగుల్లో కాసేపు పక్కపక్కనే నడుస్తాయట. లేహ్ నుంచి ఎంతో దూరం లేదు" అని నాతో ఎన్నిసార్లు అందో.

చలి ప్రాంతానికి వెళ్లాలంటే మనం ముందు బరువైన కోటు కోసం బజారుకి పరిగెడతాం. పెద్దమ్మ దాని జోలికి చివర్లో వెళ్లింది. ఒంటికి తగిలే బట్ట నూలుది కాకూడదంది. నూలు చెమట పీల్చుకుని తడిగా ఉండిపోతుంది, ఆ తడే ఒంట్లో వేడిని లాగేస్తుంది. లోపల థర్మల్, దాని మీద ఉన్ని, అన్నిటికీ పైన గాలి చొరబడని జాకెట్టు. మేజోళ్లు బిగుతుగా ఉంటే కాలివేళ్లకి రక్తం ఆడదని ఒక సైజు పెద్దవి తెప్పించింది. కొబ్బరినూనె సీసా తీసేసి, అక్కడ గడ్డకట్టి కూర్చుంటుందని వాజలీన్ పెట్టింది. చలిలో కూడా ఎండ మాడ్చేస్తుందని అందరికీ నల్లకళ్లద్దాలు, ముఖానికి సన్‌స్క్రీన్ కొనిపించింది.

తిండి సర్దడం నేను దగ్గరుండి చూశాను. లేహ్ 11,500 అడుగుల ఎత్తున ఉంది. అక్కడ గాలి ఒత్తిడి మన దగ్గరకంటే మూడో వంతు తక్కువ. మూసిన ప్యాకెట్లు బూరెల్లా ఉబ్బుతాయని, పొడుల కవర్లలో గాలంతా అరచేత్తో నొక్కి తీసేసి మూతి బిగించింది. నీళ్లు 88 డిగ్రీలకే మరుగుతాయి కాబట్టి కుక్కరు లేకపోతే అన్నం పలుకు మిగిలిపోతుందని, వేణ్నీళ్లు పోస్తే చాలన్నట్టు అటుకులు వేయించి పోపు కలిపి ఉంచింది. అన్నయ్యకి కొబ్బరికారం ప్రాణం. ఎండుకొబ్బరి చిప్పలు తరిగి, బాణలి పొయ్యి మీద పెట్టి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగి మంట ఆపేసింది. ఎండుకొబ్బరిలో నూనె ఎక్కువ, నిప్పంటుకునే గుణం ఉందని 2022 నుంచి విమానాల్లో చెక్-ఇన్ లగేజీలో పెట్టనివ్వడం లేదు. తరిగిన ముక్కలన్నీ డబ్బాలో పోసేసి, పల్లీలు దించి మొదటి నుంచి మొదలుపెట్టింది. కారం డబ్బా చేతిసంచిలో ఉండకూడదు, పవర్‌బ్యాంకు చేతిసంచిలోనే ఉండాలి. ఇవన్నీ పాత హాజరుపట్టీ చించిన కాగితం మీద బ్లాక్‌బోర్డు అక్షరాలతో రాసింది.

బెల్టు మీద తేలిగ్గా పోల్చుకోవడానికి ఒక్కో బ్యాగుకి ఒక్కో రంగు రిబ్బను కట్టింది. అన్నయ్యదానికి నీలం, వదినదానికి పసుపు, పిల్లలిద్దరిదానికి ఆకుపచ్చ. ఫ్లాస్కు, మందుల డబ్బా, వేలికి తగిలించి ఆక్సిజన్ చూసే పరికరం, ఇలా అందరికీ పనికొచ్చేవన్నీ మెరూన్ రిబ్బను బ్యాగులో పెట్టి, ఆ సంగతి కూడా కాగితం మీద రాసింది.

ఆ మందుల డబ్బా గురించి కాస్త చెప్పాలి. ఎత్తుకి ఒక్కసారిగా వెళ్తే తలపోటు, వాంతులు వస్తాయనీ, ముదిరితే ఊపిరితిత్తుల్లోకి, మెదడులోకి నీరు చేరి ప్రాణం మీదికి వస్తుందనీ చదివింది. డాక్టరుగారి దగ్గరికి వెళ్లి, ఎవరికి ఏ మోతాదో రాయించుకుంది. డయామాక్స్ మాత్ర ఎత్తుకి వెళ్లే ముందు రోజు నుంచే మొదలుపెట్టాలి. వదినకి సల్ఫా మందులు పడవు కాబట్టి ఆవిడకి వద్దు. పిల్లలకి బరువును బట్టి. ఒక్కొక్కరి పేరుతో ఒక్కో చిన్న పొట్లం కట్టి, "ఢిల్లీలో రాత్రి భోజనాలయ్యాక నేనే ఇస్తాను" అంది. తనకీ ఈసీజీ తీయించుకుంది. వెళ్లొచ్చు, మొదటి రెండు రోజులూ గదిలోంచి కదలకండి అన్నారట. ఆ మాట నాకు చెప్పేటప్పుడు ఆవిడ ముఖం చూడాలి.

బయల్దేరేది మధ్యాహ్నం. గన్నవరంలో సాయంత్రం విమానం, ఢిల్లీలో రాత్రి బస, తెల్లవారుజామున లేహ్ విమానం. పొద్దెక్కితే ఆ లోయలో గాలులు లేస్తాయని అక్కడికి విమానాలు ఉదయంపూటే ఎక్కువ. నేను సాగనంపడానికి వెళ్లేసరికి పెద్దమ్మ నేత చీర కింద కొత్త స్పోర్ట్స్ షూస్ వేసుకుని సోఫా అంచున కూర్చుని ఉంది. మనవరాలు కింద కూర్చుని, లేసులు ఊడకుండా రెండు ముళ్లు వేస్తోంది.

డిక్కీలో సామాన్లు సర్దుతున్న అన్నయ్య తలెత్తి చూశాడు. "నువ్వెందుకమ్మా షూస్ వేసుకున్నావ్?"

ఎవరూ మాట్లాడలేదు.

"నాలుగే టికెట్లు కదమ్మా. తను చెప్పలేదా నీకు?" అన్నాడు వదిన వైపు తిరిగి. వదిన "మీరు చెప్పారనుకున్నా" అంది. "అంత ఎత్తు నీ వయసుకి మంచిది కాదమ్మా. ఇంట్లోనూ ఎవరో ఒకరు ఉండాలిగా, మొక్కలకి నీళ్లూ అవీ..." అంటూనే, పైన ఆవిడ శాలువా మడిచి ఉన్న బ్యాగుని డిక్కీలోంచి తీసి వరండాలో పెట్టాడు. గట్టిగా ఏమీ అనలేదు. మెల్లగా, మర్యాదగానే అన్నాడు. ఆ క్షణాన నాకు వాడి మీద వచ్చిన కోపం ఇవాళ్టికీ తగ్గలేదు. నెల రోజులు ఆవిడ సర్దుతుంటే చూస్తూ తిరిగినవాళ్లకి, ఒక్క పూట, ఒక్క మాట చెప్పే తీరిక దొరకలేదా?

పెద్దమ్మ కారు దాకా నడిచి, "పిల్లల చెవులు కప్పి ఉంచండి" అంది. అంతే. కారు వెళ్లిపోయాక లోపలికి వచ్చి, ఆ ముళ్లు విప్పుకోవడానికి చాలాసేపు కష్టపడింది. నన్ను చెయ్యి వెయ్యనివ్వలేదు.

తోడుగా నేను అక్కడే ఉండిపోయాను. మర్నాడు పొద్దున్నుంచి ఆవిడ అన్నయ్యకి ఫోన్ చేస్తూనే ఉంది. కలవలేదు. బయటి ప్రాంతాల ప్రీపెయిడ్ సిమ్ములు లద్దాఖ్‌లో పనిచెయ్యవు, పోస్ట్‌పెయిడ్‌కి మార్చుకోండి అని కాగితం మీద రాసింది కానీ ఎవరు చదివారు? వాట్సాప్‌లో పెట్టినదానికి ఒక్క టిక్కే. పంతం వదిలి కాసేపు పడుకోమంటే, "ఉండవే" అని మళ్లీ నొక్కేది. కొడుకు గొంతు వినకుండా ఉండలేకపోతోందని నా మనసు ఉసూరుమంది.

ఆ తర్వాతి రాత్రి పదకొండు దాటాక, ఎవరిదో కొత్త నంబరు. పెద్దమ్మ స్పీకరు నొక్కింది.

"అమ్మా, పాపకి తల పగిలిపోతోందంటోంది. వాంతులు ఆగడం లేదు. ఇక్కడ మందుల షాపు కూడా లేదు."

"ఎక్కడున్నార్రా?"

"పాంగాంగ్ సరస్సు దగ్గర. క్యాంపు వాళ్ల ఫోన్‌లోంచి చేస్తున్నా."

"రెండో రోజే చాంగ్ లా దాటేశారా?"

చాంగ్ లా 17,500 అడుగుల పైచిలుకు. సరస్సు 14,000కి దగ్గర.

"లీవు లేదమ్మా. అదంతా తర్వాత..."

పెద్దమ్మ గొంతు క్లాసులో ఉన్నట్టు స్థిరంగా మారింది. "విను. క్యాంపులో ఆక్సిజన్ ఉందేమో అడిగి ముందు అది పెట్టించు. పాపని నడిపించకు, ఎత్తుకో. డ్రైవర్ని లేపి టాంగ్‌సే పోనివ్వమను. సరస్సు కంటే కిందే ఉంటుంది, చాంగ్ లా మళ్లీ ఎక్కక్కర్లేదు. అక్కడ సర్కారు ఆసుపత్రి ఉంది."

పాప తెల్లారేసరికి తేరుకుంది, ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను.

"సరే, బయల్దేరుతున్నాం. దారిలో మాత్ర వేసేస్తాను. ఎక్కడ పెట్టావో చెప్పు. ఇప్పుడే నీ కాగితం చూశాను, మందులు మెరూన్ రిబ్బను బ్యాగులో అని రాశావు. బ్యాగులన్నీ వెతికాం, మెరూన్ రిబ్బనుది కనపడటం లేదమ్మా."

"అది ఇక్కడే ఉంది నాన్నా. నువ్వే డిక్కీలోంచి దించావుగా."